క్రొత్త ఖాతా, క్రమాభివృద్ధి: సామాజిక మాధ్యమాలలో నమ్మకము ఏర్పడు విధానమును గూర్చి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ఒక చిన్న పత్రికకు 600 మంది చందాదారులున్నారనుకొందాము. తపాలా ఖర్చు భరించలేక, ఇకమీదట సంచికను వాట్సాప్ ద్వారా పంపాలని నిర్వాహకులు తీర్మానించుకొంటారు. క్రొత్త సిమ్ కార్డు కొని, దానిమీద ఖాతా తెరచి, ఆ సాయంత్రమే 600 నంబర్లను నాలుగైదు గ్రూపులలో చేర్చి, అందరికీ ఒకే సందేశాన్ని, దానితోపాటు ఒక లింకును పంపుతారు. మరునాటి ఉదయానికి ఈ ఖాతా వాట్సాప్ వాడుటకు వీలులేదన్న ప్రకటన తెరమీద కనబడుతుంది. వారి ఉద్దేశంలో దోషమేమీ లేదు. పంపినది మంచి విషయమే. అయినను ఖాతా పోయింది. దానితోపాటు, "పత్రికవారు ఏదో మోసపు సందేశం పంపారట" అన్న మాట కూడా కొందరు చందాదారులలో మిగిలిపోయింది.

బోధనాసంస్థలు, గ్రంథాలయాలు, సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఇటువంటి చిక్కులో పడుట అరుదు కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అంతవరకు అంతర్జాలం అవసరం లేదనుకొన్న సంస్థలు సైతం ఒక్క వారంలో యూట్యూబ్ ఛానళ్లు, ఫేస్‌బుక్ పేజీలు తెరచుకొన్నాయి. తొందరలో తెరచినవి గనుక వాటి నియమాలు తెలిసికొనే తీరిక ఎవరికీ లేకపోయెను. ఈ వ్యాసంలో మనము పరిశీలించబోవు ప్రశ్న ఇది: క్రొత్త ఖాతాలో కార్యకలాపాలను ఎందుకు కొద్దికొద్దిగా పెంచవలసియున్నది? ఆ పెంపుదల ఎట్టిదైతే న్యాయమైనది, ఎట్టిదైతే నటన?

అనుమానమునకు కారణము

మొదట సంఖ్యలను చూద్దాము. 2019 మొదటి మూడు నెలలలో ఫేస్‌బుక్ సంస్థ తొలగించిన నకిలీ ఖాతాలు సుమారు 219 కోట్లు. అదే కాలంలో నెలకు ఒక్కసారైనా ఫేస్‌బుక్ వాడినవారు సుమారు 238 కోట్లమంది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు విషయం తేటపడుతుంది. తలుపు దగ్గరకు వచ్చే క్రొత్తవారిలో అత్యధికులు మనుష్యులే కారు, యంత్రాలు పుట్టించిన పేర్లు. వాటిలో ఎక్కువ భాగం నమోదైన కొన్ని నిమిషాలలోనే తొలగిపోతాయి. అంత వేగంగా, అంత పెద్ద ఎత్తున జరిగే పనిలో ఒక్కొక్క ఖాతాను మనిషి కూర్చొని పరిశీలించుట అసాధ్యం. గనుక ఆ తీర్పు యంత్రాలకు అప్పగింపబడింది.

ఆ యంత్రాలకు మన ఉద్దేశం తెలియదు. వాటికి ముఖ్యంగా కనబడేవి మూడు విషయాలు: ఖాతా వయస్సు ఎంత, పని వేగం ఎంత, ఎదుటివారి స్పందన ఏమిటి. పల్లెటూరి కిరాణా కొట్టులో ఈ న్యాయం మనకు తెలిసినదే. పదేళ్లుగా ఊరిలో ఉన్న మనిషి నెలసరుకు అరువడిగితే కొట్టువాడు పద్దు వ్రాసుకొని ఇస్తాడు. నిన్న అద్దెకు దిగినవాడు అదే అడిగితే ముఖం చూస్తాడు. వచ్చినవాడు దొంగ అని కాదు. అతనిని గూర్చి కొట్టువానికి ఏమీ తెలియదు, అంతే. రోజూ చేబదులుగా కాక నగదు పెట్టి ఉప్పు, పప్పు కొంటూ పోగా కొంతకాలానికి అతని పేరున కూడా ఒక పుట ఏర్పడుతుంది. క్రొత్త ఖాతాకు లేనిది ఆ పుటయే.

సామాజిక మాధ్యమాలకంటె ముందే ఈ సమస్య ఈమెయిల్‌లో తలెత్తింది. క్రొత్త సర్వరు నుండి మొదటి రోజే వేలాది ఉత్తరాలు బయలుదేరితే, అందుకొనే సర్వర్లు వాటిని స్పామ్‌గా ఎంచి ప్రక్కకు నెట్టివేస్తాయి. అందుచేత ఆ పని చేసేవారు మొదట కొద్దిమందికి, అది కూడా తప్పక తెరచి చదువుతారనుకొన్నవారికి పంపి, కొన్ని వారాలలో సంఖ్యను పెంచుకొంటూ పోయేవారు. దీనికి వారు పెట్టుకొన్న పేరు 'వార్మప్', అనగా వేడెక్కించుట. చలికాలపు ఉదయాన మోటారు బండిని కాసేపు ఊరకే తిరగనిచ్చి తరువాత నడిపినట్లు అన్నమాట. ఈ మాటయే తరువాత సామాజిక మాధ్యమాలలోనికి వచ్చింది. అయితే ఇక్కడికి వచ్చేసరికి దాని అర్థం కొంత చెడిపోయింది. ఆ సంగతి ముందు చూడబోతున్నాము.

వాట్సాప్ చెప్పిన సంగతులు

తమ యంత్రాలు దేనిని చూచి అనుమానిస్తాయో సంస్థలు సాధారణంగా చెప్పవు. చెప్పితే మోసగాండ్రకే మేలు. అయితే భారతదేశంలో సార్వత్రిక ఎన్నికలు సమీపించిన 2019 ఫిబ్రవరిలో వాట్సాప్ సంస్థ ఒక పత్రాన్ని ప్రకటించి, కొంత తెర తొలగించింది. నెలకు 20 లక్షలకు పైగా ఖాతాలను తొలగిస్తున్నామనియు, వాటిలో నూటికి 75కు మించినవి ఎవరూ ఇటీవల ఫిర్యాదు చేయకుండానే పట్టుబడుచున్నవనియు అందులో తెలిపింది. పరిశీలన మూడు దశలలో జరుగుతుంది: నమోదు చేసికొనునప్పుడు, సందేశాలు పంపునప్పుడు, ఇతరులు ఫిర్యాదు చేసినప్పుడు లేక బ్లాక్ చేసినప్పుడు. తొలగింపులలో సుమారు ఐదవ వంతు నమోదు దశలోనే జరుగుతున్నది.

ఆ పత్రంలోని ఒక ఉదాహరణ మన చర్చకు ఎంతో ఉపయోగకరం. ఐదు నిమిషాల క్రితం పుట్టిన ఖాతా 15 సెకండ్లలో 100 సందేశాలు పంపబోతే అది దుర్వినియోగమేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చునట. ఒక్కసారిగా డజన్లకొద్దీ గ్రూపులను సృష్టించుట, వేలాదిమందిని గ్రూపులలో చేర్చుట కూడా అట్టిదే. ఇంకొక సూక్ష్మమైన గుర్తు ఉన్నది. మనము సందేశం వ్రాయుచున్నప్పుడు అవతలివారి తెరమీద 'టైపింగ్' అని కనబడుతుంది కదా. ఆ గుర్తు ఎన్నడూ కనబడకుండా సందేశాలు పుంఖానుపుంఖంగా వెళ్లుచుంటే, వ్రాసేది మనిషి కాదని యంత్రం ఊహిస్తుంది.

ఇప్పుడు మన పత్రికవారిని తిరిగి తలచుకొందాము. వారు చేసిన పనిలో ఈ గుర్తులు ఎన్ని ఉన్నవో చూడండి. ఖాతా వయస్సు కొన్ని గంటలు. చేర్చినవారు వందలమంది. వారిలో చాలామంది ఫోన్లలో ఈ క్రొత్త నంబరు భద్రపరచబడి లేదు. అందరికీ ఒకే మాట, ఒకే లింకు. ఎవరో అపరిచితుడు తమను గ్రూపులో పడవేశాడనుకొని పదిమంది బ్లాక్ చేసినా, మూడవ దశ కూడా పూర్తి అయినట్లే. చందాదారుల పట్టిక వారి చేతిలో ఉన్నది, నిజమే. కాని పత్రికను ఇంటికి తెప్పించుకొనుటకు ఇచ్చిన సమ్మతి వేరు, ఫోనుకు రప్పించుకొనుటకు ఇచ్చే సమ్మతి వేరు. ఇక్కడ యంత్రం తీర్పు మొరటుదే గాని, దాని వెనుక ఒక న్యాయం లేకపోలేదని మా అభిప్రాయం.

అపరిచితుల సందేశాలయెడల ఈ జాగ్రత్త ఊరకే రాలేదని కూడా గుర్తుంచుకొనవలెను. పిల్లలను ఎత్తుకొనిపోయేవారు తిరుగుచున్నారన్న వదంతులు వ్యాపించి, 2018లో మన దేశంలో అనేక చోట్ల అమాయకులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ సంవత్సరం జూలైలో వాట్సాప్ ఇక్కడ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2019 జనవరిలో దానిని ప్రపంచమంతటికీ విస్తరింపజేసింది. అనేక చేతులు మారి వచ్చిన సందేశమైతే 2020 ఏప్రిల్ నుండి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపవీలగును. అప్పటినుండి ఫార్వర్డ్ చేయుట అనునదే ఒక అనుమానపు గుర్తుగా మారింది. పాత ఖాతాకు అది చెల్లవచ్చు. రోజంతా ఫార్వర్డులు తప్ప స్వంత మాట లేని క్రొత్త ఖాతాకు అది మంచి పరిచయపత్రం కాదు.

మరి ఆ 600 మందిని చేరుకొనుటెట్లు? పట్టికనుబట్టి సందేశం పంపుటకంటె, నంబరును వారికి తెలియజేసి వారే ముందుగా పలుకరించునట్లు చేయుట మేలు. ముద్రిత పత్రిక చివరి రెండు మూడు సంచికలలో క్రొత్త నంబరును అచ్చువేసి, "ఈ నంబరును మీ ఫోనులో భద్రపరచుకొని, మీ పేరు, ఊరు వ్రాసి పంపండి" అని కోరవచ్చును. రోజుకు పదిమందో ఇరవైమందో వ్రాస్తారు. ప్రతివారికి పేరుపెట్టి జవాబివ్వాలి. ఇది శ్రమతో కూడినదే. కాని ఇక్కడ యంత్రం చూచేది రెండు వైపుల నుండి సాగే సంభాషణను. దానికంటె బలమైన సాక్ష్యం ఖాతాకు ఇంకొకటి లేదు. ఆ తరువాత బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడవచ్చును. ఒక లిస్టులో 256 మంది వరకు ఉండవచ్చును; అయితే మన నంబరును తమ ఫోనులో భద్రపరచుకొన్నవారికే ఆ సందేశం చేరుతుంది. ఈ ఒక్క నియమం తెలియక, "పంపాము గాని ఎవరికీ అందలేదు" అని చింతించేవారు అనేకులు.

2023 సెప్టెంబరులో భారతదేశంలో ప్రవేశపెట్టబడిన వాట్సాప్ ఛానళ్లు ఇటువంటి పనికే తగినవి. ఇష్టమున్నవారు తామే అనుసరిస్తారు, వారి నంబర్లు ఇతర అనుచరులకు కనబడవు, బలవంతంగా చేర్చుట అన్న ప్రసక్తియే లేదు. పెద్ద సంస్థలు వాడుకొనే వాట్సాప్ బిజినెస్ వేదికలో అయితే క్రమాభివృద్ధి నియమమే వ్రాతపూర్వకంగా ఉన్నది. మొదట 24 గంటలలో 250 మందికి మించి సంస్థ తానుగా సందేశం ఆరంభించలేదు. అందుకొన్నవారు బ్లాక్ చేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఉంటే ఆ సంఖ్య పెరుగుతుంది.

యూట్యూబ్ మెట్లు

యూట్యూబ్ పద్ధతి వేరు. అది అనుమానించి శిక్షించుటకంటె, ముందే గదులకు తాళాలు వేసి, ఒక్కొక్కటిగా తెరుస్తుంది. క్రొత్త ఛానల్ 15 నిమిషాలకు మించిన వీడియోను ఎక్కించలేదు. ఫోను నంబరు ధ్రువీకరించిన పిమ్మట ఆ హద్దు తొలగి 12 గంటల వరకు వీలగును. ప్రత్యక్ష ప్రసారాన్ని మొదటిసారి కోరినప్పుడు అనుమతికి 24 గంటల వరకు పట్టవచ్చును. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆ బటన్ నొక్కి పది గంటలకు ప్రసారం కోరేవారికి ఆ వారం నిరాశయే. మొబైల్ ఫోను నుండి ప్రసారం చేయుటకు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. వీడియో క్రింది వివరణలో బయటి లింకులు నొక్కుటకు వీలుగా ఉండాలంటే ఇంకొక మెట్టు ఎక్కవలెను. గుర్తింపు పత్రం చూపియైనా, ముఖపు వీడియో ఇచ్చియైనా, లేక నియమాలు మీరకుండా తగినంత ఛానల్ చరిత్ర కూడబెట్టియైనా ఆ మెట్టు చేరవచ్చును. ఆ చరిత్ర ఏర్పడుటకు సాధారణంగా రెండు నెలలలోపే పడుతుందని యూట్యూబ్ చెబుతున్నది.

ధనార్జన గూర్చి ఎక్కువమంది అడుగుదురు గనుక ఆ సంగతి క్లుప్తంగా చెప్పెదము. 2018 నుండి ప్రకటనల ఆదాయంలో వాటాకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలలలో 4,000 గంటల వీక్షణ అవసరమైనవి. 2023లో 500 మంది, 3,000 గంటలు, 90 రోజులలో మూడు వీడియోలు అన్న తక్కువ మెట్టు ఒకటి వచ్చెను. ఇది వీక్షకుల నుండి నేరుగా వచ్చే మద్దతుకు సంబంధించినది. షార్ట్స్ చేసేవారికి గంటలకు బదులు వీక్షణల లెక్క ఉన్నది.

మన తెలుగు గ్రూపులలో "మీరు మాకు సబ్‌స్క్రైబ్ చేయండి, మేము మీకు చేస్తాము" అన్న ఒప్పందం మర్యాదగా చెలామణి అవుచున్నది. యూట్యూబ్ నియమాల ప్రకారం ఇది నిషిద్ధం. నియమాన్ని ప్రక్కన పెట్టినా ఇందులో లాభం లేదు. అలా చేరినవారు వీడియో చూడరు. చూడని సబ్‌స్క్రైబర్లు వెయ్యిమంది ఉండి, చూచేవారు పదిమంది ఉంటే, ఆ వీడియో ఎవరికీ ఆసక్తి కలిగించుట లేదని యంత్రం గ్రహించవచ్చును. వెయ్యిమంది మిత్రులు కలిసి మన వీడియోను పాతిపెట్టినట్లే.

ఎక్స్, వికీపీడియా

అప్పట్లో ట్విట్టర్ అనబడిన సంస్థ 2019 ఏప్రిల్‌లో, ఒక రోజులో ఇతరులను అనుసరించుటకున్న పరిమితిని 1,000 నుండి 400కు తగ్గించెను. కనబడినవారినందరినీ అనుసరించి, వారు తిరిగి అనుసరించగానే విడిచిపెట్టే అలవాటును అరికట్టుటకే ఆ మార్పు. 2023 జూలైలో అదే వేదిక రోజుకు చదువదగిన పోస్టులకు తాత్కాలికంగా హద్దు పెట్టినప్పుడు, ధ్రువీకృత ఖాతాలకు 6,000, ధ్రువీకరణ లేని పాత ఖాతాలకు 600, క్రొత్త ఖాతాలకు 300 అని ప్రకటించింది. ఒకటి రెండు మారులు పెంచినప్పుడును క్రొత్తదానికి పాతదానిలో సగమే. వ్రాయుటకే కాదు, చదువుటకు కూడా వయస్సు లెక్కకు వచ్చినది.

వీటన్నిటికంటె న్యాయమైన పద్ధతి వికీపీడియాదని మాకు తోచుచున్నది. ఆంగ్ల వికీపీడియాలో ఖాతాకు నాలుగు రోజుల వయస్సు, పది దిద్దుబాట్లు పూర్తి కాగానే పాక్షిక రక్షణలోనున్న పుటలను సైతం దిద్దవచ్చును. నియమం బహిరంగంగా వ్రాసి ఉన్నది, అందరికీ ఒక్కటే, రుసుము లేదు. కారణం చెప్పకుండా మూసివేసే తలుపుకంటె, వేచియుండవలసిన కాలాన్ని ముందే చెప్పే తలుపు మేలు కదా.

మొదటి వారములు

'14 రోజుల వార్మప్ ప్రణాళిక' అన్న పేరిట అనేక పట్టికలు ప్రచారంలో ఉన్నవి: మొదటి రోజు ఐదు లైకులు, రెండవ రోజు పది, మూడవ రోజు రెండు వ్యాఖ్యలు. వేదికలు తమ హద్దులను ప్రకటించవు, వాటిని తరచు మార్చుచుంటాయి గనుక ఆ అంకెలు ఊహలే. అంకెలను విడిచి, సహజంగా ఒక మనిషి క్రొత్త ఊరిలో మెలగే విధానాన్ని ఆలోచించుట మంచిది.

ముందు ఖాతాను పూర్తిగా నింపవలెను: సంస్థ పేరు, చిరునామా, స్పష్టమైన చిత్రం, వెబ్‌సైటు ఉంటే దాని లింకు. ఫేస్‌బుక్‌లో సంస్థకు కావలసినది పేజీ, వ్యక్తిగత ప్రొఫైల్ కాదు. సంస్థ పేరిట ప్రొఫైల్ తెరచుట నియమవిరుద్ధం, పైగా ప్రొఫైల్‌కు 5,000 మంది స్నేహితుల హద్దు ఉన్నది. రెండంచెల ధ్రువీకరణను మొదటి రోజే అమర్చుకొనవలెను. తరువాత కొద్దిరోజులు ఎక్కువగా చదువుట, చూచుట, అడిగినవారికి జవాబిచ్చుట. వారానికి రెండు మూడు స్వంత రచనలు చాలును. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మొదటి వారం గంటకొక పోస్టు పెట్టి, రెండవ నెలలో మూగబోయిన ఖాతాలే ఎక్కువ. సంస్థకు తన పనివారు ఏడాదిపాటు నిలుపుకోగల వేగం ఏదో అదే సరియైన వేగం.

సిమ్ కార్డు విషయంలోను జాగ్రత్త అవసరం. మూతపడిన మొబైల్ నంబరును 90 రోజుల తరువాత వేరొకరికి కేటాయించుట మన దేశంలో ఉన్న పద్ధతి. గనుక మనకు క్రొత్తదైన నంబరు లోకానికి క్రొత్తది కాకపోవచ్చును. పాత యజమాని కారణంగా దానిని బ్లాక్ చేసినవారు ఉండవచ్చును. అలాగే సంస్థ నంబరుకు రీచార్జి చేయుట మరచిపోతే, ఒకనాడు అది పరాయివారి చేతిలో తేలుతుంది. జీబీ వాట్సాప్ వంటి అనధికార యాప్‌లలో ఖాతా తెరచేవారు నిషేధాన్ని కోరి తెచ్చుకొన్నట్లే.

నటనగా మారిన క్రమాభివృద్ధి

వార్మప్ అన్న మాట అర్థం చెడిపోయినదని పైన చెప్పితిమి. ఈమెయిల్‌లో అది నిజమైన పాఠకుల సంఖ్యను నిదానంగా పెంచుట. ఇప్పుడు అంగడిలో అమ్ముడుపోవునది వేరు: మనిషిలా కనబడునట్లు యంత్రం చేత లైకులు కొట్టించుట, నెలల తరబడి 'పండించిన' పాత ఖాతాలను అమ్ముట, ఒకే గదిలో పదులకొద్దీ ఫోన్లను వరుసగా పెట్టి నడిపించుట. పైకి రెండును ఒకే తీరున కనబడతాయి. రెండింటిలోను సంఖ్య మెల్లగానే పెరుగుతుంది. భేదమేమనగా, ఒకదానిలో నమ్మకం కాలక్రమంలో ఏర్పడుతుంది. రెండవదానిలో నమ్మకానికి గుర్తులైనవాటిని మాత్రమే తయారుచేస్తారు. దొంగపద్దులు వ్రాసి పాత ఖాతాదారునిగా చూపించుకొనుట వంటిదది.

ఈ వ్యాపారం అడుగున బీదవారి శ్రమ కూడా ఉన్నది. ఇంటివద్దనుండి పని, వీడియోలకు లైకు కొడితే డబ్బు అని టెలిగ్రామ్‌లో ఆశ చూపి, మొదట కొద్ది రూపాయలు ఇచ్చి, తరువాత 'పెట్టుబడి' పేరిట లక్షలు కాజేసిన మోసాలు హైదరాబాదు మొదలుకొని దేశమంతటా నమోదైనవి. అటువంటిదానిలో సొమ్ము పోగొట్టుకొన్నవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. సేవాసంస్థ ఏదైనా తన పేజీకి లైకులు కొనబోయే ముందు, ఆ లైకు ఎవరి చేతిమీదుగా వచ్చునో ఒకసారి విచారించుట ధర్మం.

ఖాతా నిలిచిపోయినప్పుడు

ఎంత జాగ్రత్తపడినను యంత్రం పొరబడవచ్చును. వెంటనే ఇంకొక సిమ్ కొని మరల అదే పని మొదలుపెట్టుట అందరూ చేసే పని, అన్నిటికంటె హానికరమైన పని. ఒకే ఫోనునుండి, ఒకే పట్టికకు, మరింత వేగంగా వెళ్లే రెండవ ఖాతా మొదటిదానిపై అనుమానాన్ని రూఢి చేస్తుంది. వాట్సాప్‌లోనే పునఃపరిశీలన కోరుటకు బటన్ ఉంటుంది. ఎస్ఎంఎస్ ద్వారా వచ్చిన ఆరంకెల సంఖ్యను నమోదు చేసి, సంస్థ ఏమిటో, ఆ సందేశాలు ఎవరికి, ఎందుకు పంపబడెనో నాలుగు వాక్యాలలో నిజం వ్రాయవలెను. యూట్యూబ్‌లో 90 రోజుల వ్యవధిలో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ తొలగిపోతుంది గనుక, మొదటి స్ట్రైకు తప్పుగా పడినదని తోచితే అప్పుడే అప్పీలు చేయుట మంచిది.

భారతదేశంలో 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ప్రతి వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండవలెను. వారి పేరు, చిరునామా ఆ సంస్థ వెబ్‌సైటులో దొరుకును. వారి నిర్ణయం తృప్తికరంగా లేనప్పుడు, అది అందిన 30 రోజులలోగా కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పరచిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి అంతర్జాలం ద్వారా విన్నవించుకొనవచ్చును. ఇందుకు న్యాయవాది అక్కరలేదు. ఖాతా నిలిచిన తేదీ, తెరమీద వచ్చిన ప్రకటన చిత్రం, అధికారి ఇచ్చిన జవాబు దాచియుంచుకొనిన చాలును. మన పత్రికవారైతే వీటితోపాటు చందాదారుల పట్టికను కూడా ఫోనులో గాక విడిగా ఒక పుస్తకంలో ఉంచుకొని, ఎవరు వాట్సాప్‌లో సంచిక కోరినారో, ఎవరు ఇప్పటికీ తపాలాలోనే కావాలన్నారో ప్రతి పేరు ప్రక్కన గుర్తు పెట్టుకొనవలెను.